ఈ ల్యాప్‌టాప్ లేదనుకుందాం: క్లౌడ్ బ్యాకప్ ప్రాజెక్టు డైరీ

శనివారం ఉదయం

ఇంట్లో వాడే విండోస్ ల్యాప్‌టాప్‌లోని నా సొంత ఫోల్డర్లన్నీ క్లౌడ్‌లోకి బ్యాకప్ అవ్వాలి. నేను గుర్తుపెట్టుకుని చేయాల్సిన అవసరం లేకుండా రోజూ దానంతట అదే జరిగిపోవాలి. ఇప్పటికి నా దగ్గరున్న రక్షణ ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్. బాగానే పనిచేస్తోంది, కానీ అది ఉండేది ల్యాప్‌టాప్ పక్కనే, అదే బల్ల మీద. దొంగలు పడ్డా, నిప్పంటుకున్నా రెండూ ఒకేసారి పోతాయి. ఫొటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 సూత్రం చాలామందికి తెలిసిందే: మూడు కాపీలు, రెండు రకాల స్టోరేజ్, అందులో ఒకటి వేరే చోట. నా దగ్గర లేనిది ఆ చివరి ఒకటే.

ఏ యాప్ వాడాలన్నది తర్వాత చూద్దామని పక్కన పెట్టి, నోట్‌బుక్‌లో ఒక ప్రశ్న రాసుకున్నాను. "రేపు పొద్దున ఈ ల్యాప్‌టాప్ లేదు. ఫోన్ కూడా పోయింది. వేరేవాళ్ల కంప్యూటర్ ముందు కూర్చున్నాను. నా ఫైళ్లు నాకు రావాలంటే అప్పుడు నా చేతిలో ఏం ఉండాలి?" ఈ ప్రాజెక్టులో ప్రతి నిర్ణయం దీనికి జవాబు చెప్పాకే ముందుకెళ్తుంది.

శనివారం మధ్యాహ్నం

ముందు డిస్క్ నిండా ఏముందో చూశాను. దీనికి విజ్‌ట్రీ అనే చిన్న ప్రోగ్రామ్ చాలు, ఏ ఫోల్డర్ ఎంత చోటు తింటోందో బొమ్మ గీసి చూపిస్తుంది. సగానికి పైగా పాత ఇన్‌స్టాలర్లు, ఒక వర్చువల్ మెషీన్, మళ్లీ డౌన్‌లోడ్ చేసుకోగలిగే వీడియోలు. వీటిని వదిలేశాను. ఇంకెక్కడా దొరకనివి మాత్రమే లిస్టులోకి వచ్చాయి: ఫొటోలు, ఇంటి వీడియోలు 140 జీబీ. స్కాన్ చేసిన కాగితాలు, ఆఫీసు పని, అమ్మమ్మ మాటలు రికార్డు చేసిన ఆడియో, పాత మెయిల్ ఫైలు, రాసుకున్నవి అన్నీ కలిపి 20 జీబీ. డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌ను మొత్తంగా మినహాయించే ముందు అందులో ఇరుక్కుపోయిన కొన్ని ముఖ్యమైన పీడీఎఫ్‌లను బయటికి తీసి, సరైన చోట పెట్టాను. ఈ పనికే ఎక్కువ సమయం పట్టింది, కానీ తప్పదు.

గూగుల్ ఉచితంగా ఇచ్చేది 15 జీబీ, అది కూడా జీమెయిల్, డ్రైవ్, ఫొటోలు మూడింటికీ కలిపి. వన్‌డ్రైవ్, ఐక్లౌడ్ 5 జీబీ చొప్పున, డ్రాప్‌బాక్స్ 2 జీబీ. నాకు కావాల్సింది 160. కాబట్టి డబ్బు కట్టే స్టోరేజే.

ఇక్కడే ఇంకో సంగతి కనిపించింది. నా డాక్యుమెంట్స్ ఫోల్డర్ ప్రాపర్టీస్ తెరిచి చూస్తే అది ఉన్న దారిలో వన్‌డ్రైవ్ అనే పేరుంది. విండోస్ సెటప్ సమయంలో ఫోల్డర్ బ్యాకప్‌కి ఒప్పుకుంటే డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్ ఇలా వన్‌డ్రైవ్ కిందికి మారిపోతాయి. పైగా కొన్ని ఫైళ్ల పక్కన మేఘం గుర్తు ఉంది. అంటే ఆ ఫైలు పేరు మాత్రమే ఇక్కడుంది, లోపలి సరుకంతా సర్వర్‌లోనే ఉంది. ఇలాంటి ఫైలును బ్యాకప్ ప్రోగ్రామ్ చదవబోతే ముందది డౌన్‌లోడ్ అవ్వాలి. నెట్ లేకపోతే చదవడమే కుదరదు. అందుకని ఆ ఫోల్డర్ల మీద రైట్ క్లిక్ చేసి, ఎప్పుడూ ఈ పరికరంలోనే ఉంచమనే ఆప్షన్ పెట్టాను. ఆకుపచ్చ గుండ్రంలో తెల్ల టిక్ వచ్చిందంటే ఫైలు నిజంగా డిస్క్ మీదకి వచ్చినట్టు. మీ కంప్యూటర్లో కూడా బ్యాకప్ మొదలుపెట్టే ముందు ఇది ఒకసారి చూసుకోండి.

శనివారం రాత్రి

వన్‌డ్రైవ్ ఎలాగూ ఉంది కదా, స్టోరేజ్ పెంచుకుంటే సరిపోదా? ఈ ప్రశ్నను తేలిగ్గా తీసేయలేదు. చాలామందికి అదే మంచి దారి కూడా. ల్యాప్‌టాప్ పోయిన రోజున కొత్త దాంట్లో లాగిన్ అయితే ఫైళ్లన్నీ వచ్చేస్తాయి.

కానీ వన్‌డ్రైవ్ చేసేది సింక్. దాని పని రెండు చోట్లా ఒకేలా ఉంచడం. ఇక్కడ ఫోల్డర్ డిలీట్ అయితే అక్కడా డిలీట్ అవుతుంది. ర్యాన్సమ్‌వేర్ వచ్చి ఫైళ్లకు తాళం వేస్తే, తాళం పడిన ఫైళ్లే శ్రద్ధగా పైకి వెళ్తాయి. ట్రాష్ ఉంటుంది నిజమే. గూగుల్ డ్రైవ్‌లో అది 30 రోజులు, వన్‌డ్రైవ్ పర్సనల్ అకౌంట్‌లోనూ 30 రోజులే. నష్టం జరిగిందని వెంటనే తెలిస్తే ఆ గడువు చాలు. నా భయం వెంటనే తెలియని నష్టం గురించి. ఐదేళ్ల కిందటి ఫొటోల ఫోల్డర్‌ను నేను నెలకోసారి తెరిచి చూడను. అందులో ఏదైనా పోతే తెలిసేది ఎవరి పెళ్లిరోజుకో పాత ఫొటో వెతికినప్పుడు. అప్పటికి 30 రోజులు ఎప్పుడో దాటిపోయి ఉంటాయి.

కాబట్టి నాకు కావాల్సింది పాత తేదీలకు వెనక్కి వెళ్లగలిగే బ్యాకప్. సింక్‌ను తీసేయను, రోజువారీ పనికి అది హాయిగా ఉంటుంది. దాని మీద ఇంకో పొరగా ఇది.

ఆదివారం ఉదయం

రెండు ప్రోగ్రాములు పక్కపక్కన పెట్టి చూశాను. ఒకటి ఆర్‌క్లోన్, రెండోది రెస్టిక్. రెండూ ఉచితం, ఓపెన్ సోర్స్, కమాండ్ లైన్‌లో, అంటే కమాండ్లు టైపు చేస్తే నడిచేవి.

ఆర్‌క్లోన్ పదుల కొద్దీ క్లౌడ్ సర్వీసులతో మాట్లాడగలదు. కాపీ అనే కమాండ్ కొత్త ఫైళ్లను పైకి పంపుతుంది, సింక్ అనే కమాండ్ పైనున్నదాన్ని కిందున్నదానితో సమానం చేస్తుంది, అంటే అక్కడ అదనంగా ఉన్నవాటిని తీసేస్తుంది. ఈ తేడా తెలియకుండా సింక్ వాడకూడదు. ఏ కమాండైనా ముందు డ్రై-రన్ ఆప్షన్‌తో నడిపి, ఏం చేయబోతోందో చదివాకే అసలు పని చేయించాలి. ఫైళ్లను మామూలు ఫైళ్లలాగే క్లౌడ్‌లో చూసుకోవాలనుకునే వాళ్లకి నేను దీన్నే చెబుతాను.

నా దగ్గర తెలుగు పేర్లున్న ఫైళ్లు చాలా ఉన్నాయి, కొన్నింటి పేర్లు బాగా పొడుగు. కంప్యూటర్ అక్షరాలను దాచుకునే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు సంకేతం ఒక్కోటి 3 బైట్లు. తెర మీద ఒక్క అక్షరంలా కనిపించే 'స్త్రీ' లోపల ఆరు సంకేతాలు, అంటే 18 బైట్లు. ఆర్‌క్లోన్‌లో ఎన్‌క్రిప్షన్ (పాస్‌వర్డ్ లేనిదే చదవలేని రూపంలోకి మార్చడం) పెడితే ఫైలు పేరు కూడా ఎన్‌క్రిప్ట్ అయ్యి ఇంకా పొడుగవుతుంది. పేరుకు 255 బైట్ల హద్దు ఉన్న చోట అసలు పేరు 143 బైట్లు మించకూడదు. తెలుగులో అది 47 సంకేతాలు. 'అమ్మమ్మ తాతయ్యల షష్టిపూర్తి రోజు సాయంత్రం మేడమీద తీసినవి' లాంటి పేరుకు ఆ చోటు చాలదు. హద్దు తక్కువున్న సర్వీసుకి ఎప్పుడైనా మారాల్సి వస్తే పేర్లన్నీ కత్తిరించుకోవాలి.

రెస్టిక్ దారి వేరు. ఫైళ్లను ముక్కలు చేస్తుంది, ఒక్కో ముక్క సగటున 1 ఎంబీ ఉంటుంది. అదే ముక్క ఇంతకుముందే పైకి వెళ్లి ఉంటే మళ్లీ పంపదు. అన్నీ నా కంప్యూటర్లోనే ఎన్‌క్రిప్ట్ అయ్యాకే బయటికి వెళ్తాయి, ఫైళ్ల పేర్లు కూడా ఆ ఎన్‌క్రిప్ట్ అయిన డేటా లోపలే ఉంటాయి కాబట్టి పేరు పొడుగు స్టోరేజ్‌కి అడ్డం కాదు. బ్యాకప్ నడిచిన ప్రతిసారీ ఆ రోజు ఫోల్డర్లు ఎలా ఉన్నాయో ఒక స్నాప్‌షాట్‌గా మిగులుతుంది. నేను వెతుకుతున్న వెనక్కి వెళ్లే దారి ఇదే. ఒక ఇబ్బందీ ఉంది: క్లౌడ్ అకౌంట్ తెరిచి చూస్తే నా ఫొటోలు కనిపించవు, అర్థం కాని పేర్లతో ముక్కలే కనిపిస్తాయి. వాటిని చదవాలంటే రెస్టిక్ ఉండాలి, పాస్‌వర్డ్ ఉండాలి. దీనికి సిద్ధపడే రెస్టిక్ ఎంచుకున్నాను.

స్టోరేజ్‌కి బ్యాక్‌బ్లేజ్ బీ2. అమెజాన్ క్లౌడ్ స్టోరేజ్ వాడే ఎస్3 పద్ధతిలో ప్రోగ్రాములతో మాట్లాడే ఆన్‌లైన్ స్టోరేజ్ ఇది. వాడినంతకే బిల్లు, రేపు వేరే సర్వీసుకి మారాలన్నా ఎస్3 పద్ధతి చాలా చోట్ల ఉంది. రెస్టిక్ డాక్యుమెంటేషన్ కూడా బీ2ని దాని సొంత పద్ధతిలో కంటే ఎస్3 పద్ధతిలో కలపమనే చెబుతోంది. బకెట్ (అక్కడ నా డేటా ఉండే పెద్ద ఫోల్డర్ లాంటిది) ప్రైవేటుగా పెట్టి, ఆ ఒక్క బకెట్‌కి మాత్రమే పనికొచ్చే యాప్ కీ, అంటే ప్రోగ్రామ్ లాగిన్ అవ్వడానికి వాడే కోడ్, తయారు చేసుకున్నాను. ఈ కీ ఎవరి చేతిలోనైనా పడినా అకౌంట్ మొత్తం వాళ్ల చేతికి పోదు.

ఎక్స్‌టర్నల్ డిస్క్‌ను మాత్రం రిటైర్ చేయడం లేదు. 2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్‌క్లౌడ్ డేటా సెంటర్ భవనం ఒకటి పూర్తిగా కాలిపోయింది. వేరే చోట కాపీ పెట్టుకోని కస్టమర్లు డేటా పోగొట్టుకున్నారు. క్లౌడ్ అన్నా అది ఎక్కడో ఒక భవనంలో ఉన్న డిస్కులే.

ఆదివారం సాయంత్రం

పాస్‌వర్డ్ గురించి మిగతా అన్నిటికంటే ఎక్కువ ఆలోచించాను. రెస్టిక్‌లో పాస్‌వర్డ్ మర్చిపోతే రీసెట్ లింక్ ఉండదు, ఫోన్ చేసి అడగడానికి ఎవరూ ఉండరు. డేటా అక్కడే ఉంటుంది, కానీ దాన్ని తెరిచే దారి ఉండదు.

నా పాస్‌వర్డ్ మేనేజర్‌లో పెట్టుకుంటే? ఆ మేనేజర్ ఫైలు ఉన్నది ఈ ల్యాప్‌టాప్‌లో, దాని కాపీ వెళ్లేది ఈ బ్యాకప్‌లోకి. ల్యాప్‌టాప్ పోతే బ్యాకప్ తెరవడానికి పాస్‌వర్డ్ కావాలి, ఆ పాస్‌వర్డ్ బ్యాకప్ లోపలుంది. అలాగే స్టోరేజ్ అకౌంట్‌కి రెండంచెల లాగిన్ పెట్టాను, ఆ కోడ్ వచ్చేది ఫోన్‌కి. ఫోన్ కూడా పోయిందనుకున్నాం కదా.

కాబట్టి కాగితం. స్టోరేజ్ అకౌంట్ ఈమెయిల్, పాస్‌వర్డ్, రెండంచెల లాగిన్ రికవరీ కోడ్‌లు, బకెట్ చిరునామా, యాప్ కీ, రెస్టిక్ పాస్‌వర్డ్. రెస్టిక్ పాస్‌వర్డ్‌గా ఒకదానికొకటి సంబంధం లేని మామూలు పదాలు వరసగా పెట్టాను, చూసి టైపు చేయడం తేలిక. యాప్ కీలో సున్నాకీ ఓ అక్షరానికీ తేడా తెలియాలని, ఆ రెండూ స్పష్టంగా వేరుగా కనిపించే ఫాంట్‌లో ప్రింట్ తీశాను.

ఒక కాపీ ఇంట్లో బీరువాలో. రెండోది చెల్లెలి ఇంటికి పట్టుకెళ్లాను. కవరు చేతిలో పెడితే అడిగింది.

"అక్కా, దీంతో నేనేం చేయాలి?"

"ఏం చేయొద్దు. నేనడిగినప్పుడు తీసి ఇవ్వు, చాలు."

"నువ్వు అడిగే పరిస్థితిలో లేకపోతే?"

ఆ మాటతో నా ప్రశ్నలో ఒక భాగం మారిపోయింది. వేరే కంప్యూటర్ ముందు కూర్చునేది నేనే అని ఇప్పటిదాకా అనుకున్నాను. అమ్మమ్మ గొంతు, ఇంటి కాగితాలు నా ఒక్కదానివి కావు. ఇంటికి వచ్చి రెండు పనులు చేశాను. రెస్టిక్‌లో ఒకే రెపోకి (బ్యాకప్ డేటా అంతా ఉండే చోటుకి) ఒకటి కంటే ఎక్కువ పాస్‌వర్డ్‌లు పెట్టొచ్చు. డేటాను కాపాడే అసలు కీ ఒకటే, ఒక్కో పాస్‌వర్డ్ ఆ కీని విడిగా తెరుస్తుంది. అలా చెల్లెలికి తనదైన పాస్‌వర్డ్ చేర్చాను. కాగితం వెనక్కి తిప్పి, రెస్టిక్ ఎక్కడ దొరుకుతుంది, ఏ కమాండ్ ఏ వరసలో కొట్టాలి, ఏ ఫోల్డర్ ముందు తీయాలి, అన్నీ తనకు అర్థమయ్యే మాటల్లో రాశాను.

సోమవారం

మొదటి అప్‌లోడ్. నా కనెక్షన్‌లో పైకి వెళ్లే వేగం 10 ఎంబీపీఎస్. ఎనిమిదితో భాగిస్తే సెకనుకి 1.25 మెగాబైట్లు, గంటకి 4.5 జీబీ. 160 జీబీకి సుమారు 36 గంటలు ఆగకుండా నడవాలి. డౌన్‌లోడ్ వేగం చూసి లెక్క వేసుకుంటే ఈ అంచనా తారుమారవుతుంది, చాలా కనెక్షన్లలో అప్‌లోడ్ బాగా తక్కువ.

మొదట 20 జీబీ ముఖ్యమైన ఫోల్డర్లు, అవి అయ్యాకే ఫొటోలు. మధ్యలో ఏం జరిగినా ముఖ్యమైనవి అప్పటికే వెళ్లి ఉంటాయి. పగలు వీడియో కాల్స్ ఉంటాయి కాబట్టి లిమిట్-అప్‌లోడ్ ఆప్షన్‌తో వేగాన్ని సగానికి తగ్గించాను, రాత్రికి తీసేశాను. ల్యాప్‌టాప్ నిద్రలోకి పోకుండా పవర్ సెట్టింగ్స్ మార్చాను. రాత్రి నెట్ పోయి బ్యాకప్ ఆగింది, అయినా టెన్షన్ లేదు. మళ్లీ అదే కమాండ్ ఇస్తే అప్పటికే పైకి చేరిన ముక్కలను వదిలేసి మిగతావి పంపింది.

బుధవారం

మొత్తం పైకి చేరింది. 160 జీబీ పంపితే క్లౌడ్‌లో ఆక్రమించింది 118 జీబీ. జేపెగ్ ఫొటోలు ముందే కుదించి ఉంటాయి, వాటిని ఇంకా పెద్దగా కుదించడం కుదరదు. తగ్గింది చాలామట్టుకు నకళ్ల వల్లే. ఒకే ఫోన్ ఫొటోలను వేర్వేరు ఫోల్డర్లలో చాలాసార్లు దింపుకున్నవి పైన ఒక్కసారే నిలిచాయి.

కానీ బ్యాకప్ 3 అనే ఎగ్జిట్ కోడ్‌తో ముగిసింది. 0 అంటే అంతా సవ్యం. 3 అంటే స్నాప్‌షాట్ తయారైంది గానీ కొన్ని ఫైళ్లను చదవలేకపోయింది అని. చివరి లైను ఒక్కటే చూస్తే ఏ ఫైలో తెలియదు. పైకి వెళ్లి చదివితే కారణం దొరికింది: అవుట్‌లుక్ తెరిచి ఉంది, పాత మెయిల్ అంతా ఉన్న పీఎస్‌టీ ఫైలును అది పట్టుకుని కూర్చుంది. విండోస్‌లో షాడో కాపీ అనే సదుపాయం ఉంది, వాడుకలో ఉన్న ఫైలుకి కూడా ఆ క్షణపు కాపీ ఇస్తుంది. రెస్టిక్‌లో దానికి విడిగా ఆప్షన్ ఉంది, అడ్మినిస్ట్రేటర్‌గా నడపాలి. అది పెట్టాక కోడ్ 0 వచ్చింది.

గురువారం

రోజువారీ ఏర్పాటు. విండోస్ టాస్క్ షెడ్యూలర్‌లో రాత్రి పూట నడిచేలా పెట్టాను. ఇక్కడ రెండు సెట్టింగ్స్ చూసుకోవాలి. చార్జింగ్‌లో ఉంటేనే నడవాలనే నియమం ముందే టిక్ పెట్టి ఉంటుంది, ఎక్కువగా బ్యాటరీ మీద వాడే వాళ్లకి బ్యాకప్ ఎప్పటికీ నడవకపోవచ్చు. రెండోది, ఆ సమయానికి ల్యాప్‌టాప్ ఆపేసి ఉంటే తర్వాత వీలైనంత త్వరగా నడపమనే ఆప్షన్. దాన్ని మనమే ఆన్ చేయాలి.

పాత స్నాప్‌షాట్లలో రోజువారీవి 7, వారానివి 5, నెలవి 12, ఏడాదివి 5 ఉంచి మిగతావి తీసేయమన్నాను. ఏడాదివి ఎందుకంటే, నా భయం ఆలస్యంగా తెలిసే నష్టం గురించి కాబట్టి.

ఆగిపోతే నాకెలా తెలుస్తుంది? 2017 జనవరి 31న, ప్రోగ్రామర్లు కోడ్ దాచుకునే గిట్‌ల్యాబ్ అనే సంస్థలో డేటాబేస్ పొరపాటున చెరిగిపోయినప్పుడు, తీసుకుంటున్నామనుకున్న బ్యాకప్‌లు చాలాకాలంగా విఫలమవుతున్నాయని బయటపడింది. విఫలమైతే మెయిల్ వచ్చే ఏర్పాటు వాళ్లకీ ఉంది, ఆ మెయిల్సే చేరలేదు. ఆ సంస్థ దాచకుండా రాసిన నివేదిక నుంచి నేను ఒక పాఠం తీసుకున్నాను: చెడితే చెప్పమనడం కంటే, బాగుంటే చెప్పమనడం నయం. అందుకే బ్యాకప్ 0 కోడ్‌తో ముగిసినప్పుడు మాత్రమే బయటి మానిటరింగ్ సర్వీసుకి ఒక సంకేతం వెళ్తుంది. రెండు రోజులు సంకేతం రాకపోతే ఆ సర్వీసు నాకూ చెల్లెలికీ మెయిల్ పంపుతుంది. ల్యాప్‌టాప్ చెడి కూర్చున్నా ఈ హెచ్చరిక ఆగదు.

తర్వాతి శనివారం

చెల్లెలి ఇంట్లో, తన ల్యాప్‌టాప్ మీద రిస్టోర్. నా ఫోన్ బ్యాగులోంచి తీయలేదు. చేతిలో ఉన్నది కవరులోని కాగితం మాత్రమే. కీబోర్డు ముందు కూర్చున్నది చెల్లెలు, నేను పక్కన ఉండి మాట్లాడకుండా చూశాను.

రెస్టిక్ దింపుకుంది, కాగితం చూసి కీలు కొట్టింది, తన పాస్‌వర్డ్ ఇచ్చింది. స్నాప్‌షాట్ల లిస్టు తేదీలతో సహా వచ్చింది. ముందు కాగితాల ఫోల్డర్, తర్వాత అమ్మమ్మ ఆడియో. వెరిఫై ఆప్షన్ పెట్టి తీయించాను, దించిన ఫైళ్లు బ్యాకప్‌లో ఉన్నట్టే ఉన్నాయో లేదో అది సరిచూస్తుంది. తెలుగు పేర్లన్నీ చెక్కుచెదరకుండా వచ్చాయి. ఆడియో తెరిచి కాసేపు విన్నాం.

రెండు లోటుపాట్లు కనిపించాయి. కాగితం మీద రాసిన కమాండ్‌లో ఫైళ్లు ఎక్కడికి దిగుతాయో చెప్పాను గానీ, దిగిన చోట సీ అనే ఫోల్డర్, దాని లోపల యూజర్స్, ఇలా పాత దారి అంతా మళ్లీ తయారవుతుందని చెప్పలేదు. ఫైళ్లు ఎక్కడున్నాయో తను వెతుక్కోవాల్సి వచ్చింది. ఆ వాక్యం చేర్చాను.

రెండోది పెద్దది. యూనికోడ్ వాడుకలోకి రాకముందు పాత తెలుగు ఫాంట్లలో టైపు చేసిన డాక్యుమెంట్లు కొన్ని ఉన్నాయి. తెరిస్తే ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా కనిపించాయి. ఫైళ్లు ఒక్క బైటు తేడా లేకుండా వచ్చాయి, కానీ ఆ ఫాంట్లు తన ల్యాప్‌టాప్‌లో లేవు. ఆ రకం ఫాంట్లలో తెలుగు అక్షరం రూపం మొత్తం ఫాంట్ ఫైలులోనే ఉంటుంది. డాక్యుమెంట్‌ను కాపాడి ఫాంట్‌ను వదిలేస్తే చేతికొచ్చేది చదవలేని ఫైలే. అవి నా ల్యాప్‌టాప్‌లో విండోస్ ఫాంట్స్ ఫోల్డర్‌లో ఉన్నాయి, నేను బ్యాకప్ చేస్తున్న ఫోల్డర్లలో అది లేదు. ఇంటికి రాగానే ఆ ఫాంట్ ఫైళ్లను డాక్యుమెంట్ల పక్కనే ఒక ఫోల్డర్‌లో పెట్టాను. ప్రతి డాక్యుమెంట్‌కీ ఒక పీడీఎఫ్ కూడా తీసి ఉంచుతున్నాను, ఆ పని ఇంకా సాగుతోంది. తర్వాత తీరిగ్గా వీటిని యూనికోడ్‌లోకి మార్చాలి.

ఫొటోలన్నీ తన ల్యాప్‌టాప్‌లోకి దించడానికి చోటు లేదు. వేర్వేరు ఏళ్ల ఫోల్డర్లు కొన్ని తీసి చూశాం, బాగున్నాయి. మిగతా డేటా సంగతి చూడటానికి నెలకోసారి రెస్టిక్ చెక్ కమాండ్ నడుస్తుంది, ప్రతిసారీ డేటాలో కొంత భాగాన్ని దించి చదివి సరిచూస్తుంది.

మిగిలిన పనులు: ఎక్స్‌టర్నల్ డిస్క్ మీద రెండో రెస్టిక్ రెపో పెట్టి స్నాప్‌షాట్లు అక్కడికీ కాపీ చేయాలి. కార్డు గడువు తీరితే బిల్లు కట్టకుండా ఆగిపోతుంది కాబట్టి ఆ తేదీ క్యాలెండర్‌లో పెట్టాలి. సవరించిన కాగితం ప్రింట్ తీసి రెండు చోట్లా పాతదాన్ని చింపేయాలి. చెల్లెలి ఫోన్‌లో ఉన్న ఫొటోలకి ఇప్పటిదాకా ఎక్కడా కాపీ లేదట, వచ్చే వారం వాటి పని మొదలుపెడుతున్నాం.